అధ్యక్షుణ్ణి దించేది ఎవరు?

నందివాడ మండల పరిషత్తు అధ్యక్షుణ్ణి గడువు తీరకముందే దించాలంటే ఏం చేయాలో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 245వ సెక్షన్‌లో ఉంది. సభ్యుల్లో సగానికి తగ్గకుండా సంతకాలు పెట్టిన నోటీసును రెవెన్యూ డివిజనల్ అధికారి చేతికి ఇవ్వాలి. ఆయన తేదీ వేసి సమావేశం పిలుస్తారు. ఆ రోజు ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వరు. తీర్మానం చదువుతారు, చేతులెత్తమంటారు, లెక్కపెడతారు. మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది చేతులు లేస్తే అధ్యక్షుడు మాజీ అయిపోతాడు. ఆయన చేసిన తప్పేమిటి అని అక్కడ ఎవరూ అడగరు. అడగాలని చట్టంలో లేదు కూడా. అధికారి రాసుకునేది సంఖ్యే.

ఇక అదే నందివాడ పంచాయతీ సర్పంచి సంగతి చూడండి. ఆయన మీద వార్డు సభ్యులంతా ఏకమైనా అవిశ్వాసం పెట్టలేరు. ఉపసర్పంచిని దించగలరు గాని సర్పంచిని కాదు. తప్పు చేశాడని రుజువైతే సర్పంచి మీద చర్య తీసుకోవలసింది కలెక్టరు. ఎందుకీ తేడా? సర్పంచికి ఓటేసింది ఊరు. మండలాధ్యక్షుడికి ఓటేసింది ఎంపీటీసీలు. ఎక్కించిన చేతులే దించగలవన్నది చట్టంలోని లెక్క. ఊరంతటినీ ఒక గదిలో కూర్చోబెట్టి చేతులెత్తమనడం కుదరదు కాబట్టి సర్పంచి కుర్చీ గట్టిది.

గత రెండు వారాలూ బందరులో కృష్ణాపత్రిక కార్యాలయం చుట్టూ తిరిగాం. ఈ వారం ఆ గుమ్మం నుంచే బయలుదేరి గుడివాడ మీదుగా హైదరాబాదు దాకా వెళ్ళివద్దాం. ఎన్నికైన నాయకుల్ని మధ్యలోనే ఎందుకు దించేస్తారని అడిగితే అవినీతి, అహంకారం, అనారోగ్యం, అల్లుళ్ళు అంటూ కారణాలు చెబుతారు. ఆ కారణాలు ఉండవని కాదు. కానీ అవే కారణాలుండి ఐదేళ్ళూ నిక్షేపంగా కూర్చున్నవాళ్ళు ఎంతమంది లేరు? కారణం ఎంత పెద్దదైనా చేతులెత్తేవాళ్ళ దాకా చేరితేనే కుర్చీ కదులుతుంది. ఆ చేతులెత్తేవాళ్ళు ఎవరన్నదే ఈ వారం మన కథ.

బందరు డాక్టరు గారి ఓటమి

1939 జనవరి 29న కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఎన్నిక జరిగింది. అంతకుముందు చాలా ఏళ్ళు ఆ పదవి పెద్దల మాటతో నిర్ణయమైపోయేది. పోటీ అన్నది అరుదు. ఈసారి సుభాష్ చంద్రబోస్ రెండోసారి నిలబడ్డారు. గాంధీజీ వర్గం ముందు మౌలానా ఆజాద్ పేరు అనుకుంది. ఆయన తప్పుకోవడంతో మన బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య బరిలో మిగిలారు. బందరులో వైద్యం చేసి, జాతీయ కళాశాల పెట్టడంలో చెయ్యి వేసి, 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించిన మనిషి ఆయన. ఆంధ్ర ప్రతినిధుల్లో ఎక్కువమంది ఆయనకే వేశారు. అయినా దేశం మొత్తం మీద రెండు వందల పైచిలుకు ఓట్ల తేడాతో బోస్ గెలిచారు. ఆ ఓటమి పట్టాభిది అనేకంటే తనది అనడం సబబని గాంధీజీ ప్రకటించారు. పాఠ్యపుస్తకాల్లో పట్టాభి గారి పేరు ఎక్కువగా ఈ ఒక్క వాక్యం పుణ్యాన బతికి ఉంది. ఇది ఆయనకు జరిగిన అన్యాయమని నా అభిప్రాయం.

గెలిచిన బోస్ మూడు నెలలు నిలబడ్డారు. ఫిబ్రవరిలో కార్యవర్గ సభ్యులు పన్నెండుమంది ఒకేసారి రాజీనామా చేశారు. పటేల్, రాజేంద్రప్రసాద్, ఆజాద్, సరోజినీ నాయుడు వంటి హేమాహేమీలతో పాటు ఓడిపోయిన పట్టాభి సంతకం కూడా అందులో ఉంది. మార్చిలో త్రిపురి మహాసభ నాటికి బోస్‌కు ఒళ్ళు కాలిపోయే జ్వరం. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి సభకు తెచ్చారు. అక్కడే గోవింద వల్లభ పంత్ తీర్మానం వచ్చింది. అధ్యక్షుడు తన కార్యవర్గాన్ని గాంధీజీ అభీష్టం ప్రకారమే వేసుకోవాలని దాని సారాంశం. బోస్‌ను గెలిపించిన ఓట్లలో పెద్ద భాగం సోషలిస్టులది. వాళ్ళు ఈ తీర్మానం దగ్గర ఎటూ కాకుండా ఊరుకున్నారు. తీర్మానం నెగ్గింది.

అధ్యక్షుడు అధ్యక్షుడిగానే ఉన్నారు. ఎవరూ ఆయన్ను తీసేయలేదు. కాకపోతే గాంధీజీ పేర్లు ఇవ్వరు, ఆయన ఇవ్వకుండా బోస్ వేసుకోకూడదు. కార్యవర్గం లేని అధ్యక్షుడు ఎన్నాళ్ళుంటాడు? ఏప్రిల్ 29న కలకత్తాలో బోస్ రాజీనామా ఇచ్చారు. రాజేంద్రప్రసాద్ ఆ కుర్చీలోకి వచ్చారు. జనవరిలో ఓట్లేసిన ప్రతినిధులు మార్చికల్లా మారిపోయారా అంటే, మనుషులు వాళ్ళే. జనవరిలో వాళ్ళను అడిగింది బోసా పట్టాభా అని. మార్చిలో అడిగింది బోసా గాంధీయా అని.

పట్టాభి గారికి తర్వాత కాలం కలిసివచ్చింది. 1948లో పురుషోత్తమదాస్ టాండన్‌ను ఓడించి ఆయనే కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు, జైపూర్ మహాసభకు అధ్యక్షత వహించారు. ఆ తర్వాత 1950లో టాండన్ గెలిచారు గాని, కార్యవర్గంలో ఎవరుండాలన్న దగ్గరే నెహ్రూతో పేచీ వచ్చి 1951 సెప్టెంబరులో రాజీనామా చేయవలసి వచ్చింది. పన్నెండేళ్ళ తేడాలో ఇద్దరు గెలిచిన అధ్యక్షులు ఒకే చోట కాలు జారారు.

సీల్డు కవరు రోజులు

మన రాష్ట్రంలో ఈ ఆట బాగా ముదిరింది 1978 తర్వాత. ఆ ఏడాది ఎన్నికల్లో గెలిచిన శాసనసభ ఒక్కటే, ముఖ్యమంత్రులు మాత్రం నలుగురు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కర రెడ్డి. ఈ ముఖ్యమంత్రుల్లో ఎవరూ సభలో అవిశ్వాసం నెగ్గడం వల్ల దిగిపోలేదు. ఢిల్లీ నుంచి కవరు వచ్చేది, అందులో పేరు ఉండేది, చేతులు అటు లేచేవి. చేతులెత్తేవాళ్ళు హైదరాబాదులో ఉన్నా వాళ్ళ భుజాలు ఢిల్లీలో ఉండేవి. అంజయ్య గారు బేగంపేట విమానాశ్రయంలో పడ్డ అవమానం జనం మరిచిపోలేదు. 1982 మార్చి 29న నిమ్మకూరు మనిషి ఒకాయన ఆత్మగౌరవం అన్న మాట పట్టుకుని పార్టీ పెడితే జనం ఎగబడ్డారంటే ఆ కవర్ల పాత్ర చిన్నది కాదు.

నిమ్మకూరు గుడివాడకీ బందరుకీ మధ్యన ఉంది. నందమూరి తారక రామారావు అక్కడ 1923 మే 28న పుట్టారు. 1983 జనవరి ఎన్నికల్లో గుడివాడ, తిరుపతి రెండు చోట్లా గెలిచారు. 294 స్థానాల్లో ఆయన పార్టీకి రెండు వందలకు పైగా వచ్చాయి. పార్టీ పెట్టి పది నెలలు కూడా కాలేదు. చైతన్య రథం మీద నిలబడి ఆయన జనంతో నేరుగా మాట్లాడారు, జనం ఆయనకే నేరుగా ఓటేశారు. ఆ లెక్కన ఆయన రాష్ట్రం మొత్తానికి సర్పంచి. చట్టం లెక్కలో మాత్రం ఆయన మండలాధ్యక్షుడి లాంటివాడే: ఎమ్మెల్యేలు ఎత్తిన చేతుల మీద కూర్చున్నవాడు. జనం మనసులో ఒక లెక్క, రాజ్యాంగంలో ఇంకో లెక్క. తర్వాత పన్నెండేళ్ళలో జరిగిన రెండు ఆగస్టుల కథా ఈ రెండు లెక్కల మధ్య సందులోనే నడిచింది.

మొదటి ఆగస్టు

1984 వేసవి తర్వాత ఎన్టీఆర్ గుండె ఆపరేషను కోసం అమెరికా వెళ్ళారు. ఆయన లేని రోజుల్లో ఆర్థిక మంత్రి నాదెండ్ల భాస్కరరావు తన వెంట ఎమ్మెల్యేలు ఉన్నారని లెక్క మొదలుపెట్టారు. పార్టీ పుట్టిన నాటి నుంచీ ఎన్టీఆర్ పక్కన ఉన్న మనిషి ఆయన. ఆగస్టు నడిమికి ఎన్టీఆర్ తిరిగివచ్చారు. 16వ తేదీన గవర్నరు రామ్‌లాల్ ఆయన మంత్రివర్గాన్ని బర్తరఫ్ చేసి, భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. సభలో బలం చూపిస్తానని ఎన్టీఆర్ అంటే వినలేదు. కొత్త ముఖ్యమంత్రికి మాత్రం నిరూపించుకోవడానికి నెల గడువు దొరికింది. నెల అంటే ఏమిటో రాజకీయం తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అటున్న చేతుల్ని ఇటు తిప్పుకోవడానికి ఇచ్చిన టైము అది.

అందుకే చేతుల్ని కాపాడుకోవడమే ఎన్టీఆర్ శిబిరం పని అయింది. ఆపరేషను కుట్లు ఆరని మనిషి చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్ళి, రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు నూట అరవైమంది దాకా ఎమ్మెల్యేల్ని నిలబెట్టారు. మెజారిటీకి కావలసింది 148. దేశంలో ప్రతిపక్షాలన్నీ ఆయన వెనక చేరాయి. ఎమ్మెల్యేలు చేజారకుండా మొదట హైదరాబాదులో రామకృష్ణా స్టూడియోలో ఉంచారు. తర్వాత రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రిగా ఉన్న కర్ణాటకకు తరలించారు. ఎంపీపీ ఎన్నిక రాగానే ఎంపీటీసీలను బస్సెక్కించుకుపోవడం ఇప్పుడు ప్రతి మండలంలోనూ చూస్తున్నాం. క్యాంపు అంటే ఏమిటో ఊళ్ళ దాకా తెలిసిపోయింది ఆ ఆగస్టులోనే అని నా అంచనా. ప్రజాస్వామ్యాన్ని నిలబెట్టడానికి కనిపెట్టిన మందు తర్వాత దేనికి పనికొచ్చిందన్నది వేరే సంగతి.

ఎన్టీఆర్ బర్తరఫ్ తనకు తెలియకుండా జరిగిందని ఇందిరాగాంధీ పార్లమెంటులో చెప్పారు. నమ్మినవాళ్ళు తక్కువ. ఆగస్టు నెలాఖరుకు రామ్‌లాల్ వెళ్ళిపోయి శంకర్‌దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చారు. సెప్టెంబరు 11న శాసనసభ కూడింది గాని గొడవల్లో బలపరీక్ష జరగనేలేదు. 16న భాస్కరరావు దిగిపోయి ఎన్టీఆర్ మళ్ళీ ప్రమాణం చేశారు. మధ్యలో గడిచింది 31 రోజులు. సెప్టెంబరు 20న ఎన్టీఆర్ సభలో బలం నిరూపించుకున్నారు.

ఆ నెల రోజుల ఉద్యమాన్ని తలుచుకునేవాళ్ళు జనమే ఆయన్ను తిరిగి కుర్చీలో కూర్చోబెట్టారంటారు. సగం నిజం. బందులు, ఊరేగింపులు, ఊరూరా సభలు ఢిల్లీకి తగిలిన దెబ్బలే. అయితే ఆ సందడికి అసలు ఫలితం వేరేచోట కనిపించింది: నూట అరవైమందిలో ఎవరికీ అటు దూకే ధైర్యం చాలలేదు. నియోజకవర్గానికి తిరిగి వెళితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. జనం చేతులెత్తలేరు గాని, చేతులెత్తేవాళ్ళ వెన్నులో చలి పుట్టించగలరు. 1985 మార్చిలో మళ్ళీ ఎన్నికలు పెడితే ఎన్టీఆర్ గుడివాడ, హిందూపురం, నల్లగొండ మూడు చోట్లా గెలిచారు. ఆయన ఉంచుకున్నది హిందూపురం.

కొరియాలో రెండు బొమ్మలు

ఇది మన దగ్గరే జరిగే తంతు అనుకోనక్కర్లేదు. దక్షిణ కొరియాలో అధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకుంటారు, అంటే సర్పంచి పద్ధతి. కానీ పార్లమెంటులో మూడింట రెండొంతులు అభిశంసిస్తే అధికారాలు ఆగిపోతాయి, చివరి మాట రాజ్యాంగ న్యాయస్థానానిది. 2004 మార్చిలో రో మూ హ్యున్‌ను పార్లమెంటు అభిశంసించింది. జనానికి ఒళ్ళు మండింది. నెల దాటగానే జరిగిన ఎన్నికల్లో ఆయన వైపు పార్టీ యాభైలోపు స్థానాల నుంచి 152కు ఎగబాకింది. మే నెలలో కోర్టు అభిశంసనను కొట్టేసింది. మన 1984కు అచ్చమైన జోడీ ఇది.

రెండో బొమ్మ 2024 డిసెంబరుది. యూన్ సుక్ యోల్ 3వ తేదీ రాత్రి సైనిక శాసనం ప్రకటించి, గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. 7వ తేదీన అభిశంసన పెడితే ఆయన సొంత పార్టీ వాళ్ళు దాదాపు అందరూ సభ బహిష్కరించారు, సంఖ్య చాలలేదు. 14వ తేదీన మళ్ళీ పెడితే కావలసిన 200కు 204 వచ్చాయి. ఆ వారం రోజుల్లో ఆయన చేసిన తప్పు పెరగలేదు, తరగలేదు. సొంత పార్టీలో కొందరు ఇటు వచ్చారు, అంతే. 2025 ఏప్రిల్ 4న కోర్టు ఆయన్ను పదవి నుంచి తొలగించింది. అమెరికాలో 1868లో ఆండ్రూ జాన్సన్ బతికిపోయింది ఇంతకంటే సన్నని సందులోంచి. దించడానికి 36 ఓట్లు కావాలి, పడ్డవి 35.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన రాష్ట్రపతిని దించాలన్నా 61వ అధికరణం కింద ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు కావాలి. నందివాడ ఎంపీపీకి పెట్టిన కొలతే. రాష్ట్రపతి భవన్‌లో ఇంతవరకూ ఎవరి మీదా ఆ కొలత వాడలేదు.

రెండో ఆగస్టు

1994 డిసెంబరులో ఎన్టీఆర్ మళ్ళీ వచ్చారు. ఒక్క తెలుగుదేశానికే 216 స్థానాలు. కాంగ్రెస్‌కు ప్రతిపక్ష హోదా కూడా దక్కలేదు. ఎనిమిది నెలలు గడిచాక, 1995 ఆగస్టులో, ఎమ్మెల్యేలు మళ్ళీ క్యాంపుకు వెళ్ళారు. ఈసారి ట్యాంక్‌బండ్ పక్కన వైస్రాయ్ హోటలుకు. క్యాంపు పెట్టినది ఆయన అల్లుడు, మంత్రి చంద్రబాబు నాయుడు. ఎన్టీఆర్ భార్య లక్ష్మీపార్వతి జోక్యం పార్టీని మింగేస్తోందన్నది వాళ్ళ ఫిర్యాదు. కుటుంబ సభ్యులు చాలామంది అటే ఉన్నారు. ఎన్టీఆర్ చైతన్య రథమెక్కి ఆ హోటలు ముందుకు వెళ్ళారు. ఒకప్పుడు ఆ రథం కనబడితే హారతులు పట్టిన పార్టీ అది. ఈసారి చెప్పులు పడ్డాయి.

శాసనసభను రద్దు చేయమని ఆయన సిఫారసు చేశారు. గవర్నరు కృష్ణకాంత్ ఒప్పుకోలేదు. స్పీకరు యనమల రామకృష్ణుడు చంద్రబాబు వర్గాన్ని గుర్తించారు. పార్టీ అధ్యక్ష పదవి నుంచీ ఎన్టీఆర్‌ను తప్పించారు. ఆగస్టు 31న ఆయన రాజీనామా ఇచ్చారు. సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణం చేశారు. దీన్ని వెన్నుపోటు అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, పార్టీని కాపాడుకోవడం అనేవాళ్ళూ ఉన్నారు. గుడివాడ టీ కొట్ల దగ్గర ఈ తగువు ఇంకా తెగలేదు, ఈ వ్యాసంతో తెగుతుందన్న ఆశ నాకు లేదు.

నన్ను తొలిచే ప్రశ్న వేరు. అదే మనిషి, అదే నెల, అదే జనం. 1984లో పొంగిన ఊళ్ళు 1995లో ఎందుకు ఊరుకున్నాయి? ఒక సమాధానం అందరికీ తోచేదే: మొదటిసారి శత్రువు ఢిల్లీ, రెండోసారి ఇంట్లో గొడవ. ఇంటి గొడవలో పొరుగువాడు తల దూర్చడు. ఇది కొంతవరకే నిజమని నాకనిపిస్తుంది. అసలు తేడా చేతుల్లో ఉంది. 1984లో ఎన్టీఆర్ అడిగింది ఒక్కటే, సభ పెట్టండి, లెక్కపెట్టండి అని. లెక్కపెడితే గెలిచేది ఆయనే కాబట్టి ఎదుటివాళ్ళు లెక్కకు భయపడ్డారు. 1995లో లెక్కపెట్టండి అన్నది ఎదుటివాళ్ళు. ఆయన సభే రద్దు చేయమన్నారు, అంటే చేతుల లెక్క వదిలేసి జనం లెక్కకు వెళదామన్నారు. ఆ దారికి రాజ్యాంగంలో తాళం గవర్నరు దగ్గర ఉంది.

తాళం పడటానికి కారణమైన పరిణామాలు రెండూ ఆ పదకొండేళ్ళలోనే వచ్చాయి. మొదటిది బొమ్మై తీర్పు. 1994 మార్చి 11న సుప్రీంకోర్టు ముఖ్యమంత్రి బలం తేలవలసింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే అని చెప్పింది. రామ్‌లాల్ చేసిన పని మరొకరు చేయకుండా కట్టిన గట్టు అది. 1984లో ఎన్టీఆర్ చక్రాల కుర్చీలో కూర్చుని అడిగింది అదే. ఏడాదిన్నరకే ఆ న్యాయం ఆయన మీదికి తిరిగింది. రెండోది ఫిరాయింపుల చట్టం. 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. ఒకరిద్దరు పార్టీ మారితే సభ్యత్వం పోతుంది గాని, మూడింట ఒకవంతు కలిసి వెళితే చీలిక అంటారు, తప్పు కాదు. ఏది చీలికో తేల్చేది స్పీకరు. భాస్కరరావులా ఎమ్మెల్యేల్ని ఒక్కొక్కరినీ లాక్కునే పద్ధతికి కాలం చెల్లింది. తీసుకుపోతే మందను మందగా తీసుకుపోవాలి. వైస్రాయ్‌లో జరిగింది అదే. చిల్లర బేరాన్ని ఆపుదామని చేసిన చట్టం టోకు బేరానికి రసీదు రాసిచ్చింది.

2003లో 91వ సవరణ ఆ మూడింట ఒకవంతు దారిని మూసింది. ఇప్పుడు శాసనసభా పక్షంలో మూడింట రెండొంతుల మంది ఇంకో పార్టీలో విలీనమైతేనే సభ్యత్వం నిలుస్తుంది. ఆ తర్వాత ఇటు ఆంధ్రలోనూ అటు తెలంగాణలోనూ పార్టీ మారినవాళ్ళకు కొదవ లేదు. స్పీకరు దగ్గర ఫిర్యాదులు నెలలకు నెలలు అలాగే పడి ఉండటం కూడా చూశాం. కుర్చీ కింద చేతుల లెక్క మారింది గాని, ఎత్తమని చెప్పే గొంతు ఎక్కడుందో వెతుక్కోవలసిన పని మిగిలే ఉంది.

(వచ్చే వారం: 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయిన టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం, దాని వెనక మద్యనిషేధం గొడవ)